యూరియా విడతలుగా వేయాలంటే విడతలుగా దొరకాలి
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టి యూరియా తెచ్చుకుంటున్నాం. ఆ బస్తాలో పైరుకు అందేదెంత, భూమిలోకి జారిపోయేదెంత? ఈ లెక్క తెలిస్తేనే మన డిమాండ్‌కు బలం వస్తుంది.

45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. నేలలో పడిన యూరియా కొద్ది రోజుల్లో అమ్మోనియంగా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. అమ్మోనియాన్ని బంకమట్టి పట్టి ఉంచుతుంది. నైట్రేట్‌ను పట్టి ఉంచలేదు. నీరు ఎటు పోతే నైట్రేట్ అటే పోతుంది.

ఎంత లోతుకు పోతుందో శాస్త్రవేత్తలు గణిత నమూనాలతో అంచనా కడతారు. ఇసుకలో నీటి ప్రవాహంపై ఫ్రాన్స్ ఇంజనీరు డార్సీ 1856లో ప్రకటించిన సూత్రం వీటికి పునాది. అందులో మనకు కావలసింది ఒక్క భాగహారమే. నేల పట్టుకోగా మిగిలి కిందికి దిగిన నీటిని, ఆ నేల పట్టి ఉంచే నీటి వాటాతో భాగించాలి.

60 మిల్లీమీటర్ల నీరు కిందికి దిగిందనుకుందాం. నూటికి 15 పాళ్లు నీరు పట్టే ఎర్ర చల్కలో నైట్రేట్ 40 సెంటీమీటర్లు దిగుతుంది. 40 పాళ్లు పట్టే నల్లరేగడిలో 15 సెంటీమీటర్లే. అదే బస్తా, అంతే నీరు. చల్కలో లేత పైరు వేరుకు అందకుండా పోయింది, రేగడిలో వేరు దగ్గరే ఉంది.

ఇది ఉజ్జాయింపు లెక్క. నైట్రేట్ అంతా ఒక్కసారే దిగదు. కొంత ముందు, కొంత వెనుక. రేగడి నెర్రెలిచ్చి ఉంటే నీటితో పాటు నెర్రెల గుండా నేరుగా కిందికి పోతుంది. పైరు పీల్చుకునేదీ, గాలిలో కలిసేదీ ఇందులో లేవు.

జారిపోయింది చివరకు మన బోరులోనే తేలవచ్చు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ మించకూడదని మన దేశ ప్రమాణం. మించిన నీటితో పాలు కలిపి పడితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. కాచినా నైట్రేట్ పోదు. నీరు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది.

కాబట్టి చల్క నేలల్లో తక్కువ మోతాదు, ఎక్కువ విడతలు. భారీ వాన సూచన ఉంటే ఆగుదాం. అయితే మళ్లీ దొరుకుతుందో లేదో తెలియని రైతు దొరికిన రోజే చల్లేస్తాడు. ఆ నష్టాన్ని రైతు అజ్ఞానం కింద జమకట్టడం అన్యాయం.

అందుకే మన డిమాండ్లు మూడు: పైరు దశను బట్టి సకాలంలో యూరియా అందించాలి. నేల రకాన్ని బట్టి విడతల సిఫారసు ఇవ్వాలి. వానాకాలానికి ముందూ తర్వాతా ఊరి బోర్ల నీటికి ఉచితంగా నైట్రేట్ పరీక్ష చేయాలి. వీటిని ప్రతి గ్రామ కమిటీలో చర్చించి, తీర్మానం చేసి పంపుదాం.