వెనక బండి కనిపిస్తోందా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అబుదాబీలో ఉంటున్నాను కాబట్టి ఎడారి ముచ్చట్లు చెప్పమన్నారు. మా బ్యాచ్ వాళ్లం నలుగురం అక్కడే ఉద్యోగాలు చేస్తున్నాం. చలికాలం రాగానే నాలుగు బండ్లు తీసుకుని లివా వైపు వెళ్తాం. లివా దాటితే రుబ్ అల్ ఖాలీ. మనం రోజూ వాడే ‘ఖాళీ’ కూడా ఆ అరబ్బీ మాటే. నాలుగు దేశాల్లో పరుచుకున్న ఇసుక, సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. 1940లలో దాన్ని రెండుసార్లు ఒంటెల మీద దాటిన విల్ఫ్రెడ్ థెసిజర్ కూడా బెదూ సహచరుల అండతోనే దాటాడు.

తారు రోడ్డు అయిపోగానే టైర్లలో గాలి 35 పాయింట్ల నుంచి 15కు దించుతాం. టైరు వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో దిగబడదు. గట్టిగా బ్రేకు తొక్కకూడదు, చక్రాల ముందు ఇసుక పోగవుతుంది. కూరుకుపోయాక ఎక్సలేటర్ తొక్కితే ఇంకా లోతుకు పోతుంది. అప్పుడు పనికొచ్చేవి పార, తాడు, తోటివాళ్లు.

వీటన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. దారి తెలిసినవాడు ముందు, బాగా నడపగలవాడు చివర, కొత్తవాళ్లు మధ్యలో. ఎవరి వెనక బండికి వాళ్లే పూచీ. అద్దంలో అది కనిపించకపోతే ఆగాలి. అలా ఒకరి తర్వాత ఒకరు అందరూ ఆగుతారు.

మొన్న జనవరిలో పొద్దు వాలుతుండగా మూడో బండి కనిపించలేదు. వాకీటాకీలో పలకలేదు. ఆగి, వెనక్కి వెళ్లి చూస్తే ఇసుక దిబ్బ కొసన బండి పొట్ట ఆనుకుని, చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. అప్పటికే చివరి బండివాడు పార పట్టుకుని తవ్వుతున్నాడు. నలుగురం కలిసి తవ్వి, తాడు కట్టి లాగేసరికి చీకటి పడింది. అక్కడే గుడారాలు వేశాం.

ఆ రాత్రి మంట దగ్గర, ఆ మూడో బండి మిత్రుడు మెల్లగా నోరు విప్పాడు. ఉద్యోగం పోయి మూడు నెలలైందట. ఇంట్లో కూడా చెప్పలేదట. మేమెవరం మాట్లాడలేదు. ఒకడు లేచి వాడి గ్లాసులో టీ పోశాడు. తెల్లారి గుడారాలు విప్పేలోపే, ఎవరు ఎవరితో మాట్లాడాలో పంచుకున్నాం. రెండు నెలల్లో వాడికి వేరే చోట పని దొరికింది.

అద్దంలో బండి కనిపిస్తుంది గానీ మనిషి కష్టం కనిపించదు. అది ఆగి, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

మన సంఘానికి యాభై ఏళ్లు. గదులు కట్టించాం, బహుమతులు పెట్టాం, సంతోషం. ఈరోజు ఈ కుర్చీల్లో లేనివాళ్ల సంగతి కూడా చూద్దాం. మా బ్యాచ్‌లో ముగ్గురి కబురు తెలియదు. నాకింకా వారం సెలవుంది, వాళ్ల ఊళ్లకు వెళ్తున్నాను. ప్రతి బ్యాచ్ నుంచీ ఒక్కరు ఈ పని తలకెత్తుకోండి.

సెలవు.