హోటలు సూపు - ఇంటి పొయ్యి

భోజనమునకు ముందు హోటలువారు తెచ్చిపెట్టు టొమేటో సూపు ఇంట ఏల కుదరదని పలువురు గృహిణులు అడుగుచుందురు. హోటలు వంటవాడు ఏదో రహస్యపు పొడి కలుపునని కొందరి అనుమానము. మాకు తోచినంతవరకు రహస్యము పొడిలో లేదు. మన చేతికి చారు కాచు అలవాటు గట్టిగా పట్టియున్నది, చిక్కంతయు అక్కడనే. పండ్లను నీటిలో వేసి మరిగించి, పిసికి, మిరియపు పొడి చల్లి, ఇంగువ పోపు పెట్టినచో దివ్యమైన చారగును. సూపు మాత్రము కాదు.

మాటవరుసకు ఒక సంగతి. సంస్కృతమున సూపమనగా పప్పు. ఫ్రెంచివారికి సూపనగా మొదట రసములో నానవేసిన రొట్టెముక్క. ఇంగ్లీషువారి భోజనపు బల్లలనుండి క్లబ్బులకును, రైల్వే భోజనశాలలకును, మన హోటళ్ళకును వచ్చినది ఈ రెండవ సూపు. పైన తేలు రొట్టెముక్కలు దాని పుట్టుకను నేటికిని చెప్పుచున్నవి.

ఈ వంట మాకు వట్టి వేడుక కాదు. మా తల్లిగారికి హోటలు సూపు మిక్కిలి ఇష్టము. మోకాళ్ళ నొప్పులచే ఆమె ఇప్పుడు గడప దాటుట లేదు, ఆకలియు మందగించినది. క్యారియరులో తెప్పించిన సూపు ఇల్లు చేరునప్పటికి చల్లారును. మరల కాచి యిచ్చినచో రెండు చెంచాలు పుచ్చుకొని గిన్నె ప్రక్కకు జరిపెడివారు. తిండిపై మనసు లేని పెద్దవారు నోరు తెరచి ఒకటి అడిగినప్పుడు దానిని ఇంట సాధింపవలసినదే. నాలుగు వారములు ఆదివారము ప్రొద్దుట మాకిదే పని.

నలుగురికి అరకిలో పండ్లు చాలును. నాటు రకమునకు పులుపు, రసము హెచ్చు. గట్టి రకమునకు కండ హెచ్చు. రెండును కలిపిన మేలు. గింజలను ముందే పిండి పారవేయరాదు. టొమేటోకు నోరూరించు రుచినిచ్చునది గ్లుటమేటు అను పదార్థము. అది కండలో కంటె గింజలచుట్టు నుండు జిగురులో హెచ్చు. గింజలను ఉడికిన పిమ్మట జల్లెడలో తీయవచ్చును.

మొదట రెండు చెంచాల వెన్న కరిగించి, చిన్న ఉల్లిపాయ, సగము క్యారట్టు, రెండు వెల్లుల్లి రేకలు, ఒక బిరియానీ ఆకు వేసి సన్నని సెగపై మగ్గనీయవలెను. ఎఱ్ఱగా వేగరాదు. ఇచట తొందరపడిన సూపు చెడును. ఆ క్యారట్టు తీపియే హోటలు రుచిలో సగపాలని మా నమ్మకము. పిదప పండ్లు కోసి వేసి, మూతపెట్టి, తమ నీటిలో తామే ఉడుకునట్లు 20 నిమిషములు ఉంచవలెను. రెండు గ్లాసుల నీరు పోసి మరి 10 నిమిషములు కాగిన తరువాత ఆకు తీసివేసి, గరిటెతో జల్లెడలో రుద్ది రసము దించవలెను. మిక్సీలో తిప్పినచో గాలి చేరి రంగు వెలవెలబోవును. తొక్కలు నలిగి నోటికి తగులును. కొన్ని హోటళ్ళలో రంగునకై బీటురూటు ముక్క వేయుదురు; బాగుగ మాగిన పండ్లకు అది అక్కరలేదు.

చిక్కదనమునకు ఒక చెంచా కార్న్‌ఫ్లోరు చన్నీటిలో కలిపి పోసి, మరల ఒక పొంగు రానీయవలెను. పొడిగనే వేడి సూపులో వేసినచో పైపొర ఉబ్బి, లోన పొడి మిగిలి, ఉండలు కట్టును. అరచెంచా పంచదార తీపికి కాదు, పులుపు వాడిని తగ్గించుటకు. పాలు పోయుట మాకు సమ్మతము కాదు. ఆ పులుపునకు విరుగును. మీగడ కావలసినవారు పొయ్యినుండి దించిన తరువాత ఒక చెంచా చిలికి కలుపుకొనవచ్చును.

నాల్గవ ఆదివారమున మా తల్లిగారు గిన్నె ఖాళీచేసి, మిరియము చాలలేదనిరి. మిరియములు అప్పటికప్పుడు దంచి గిన్నెలోనే చల్లుట మేలు. వెన్నలో వేపిన రొట్టెముక్కలను వడ్డించునప్పుడే వేయవలెను. లేనిచో నాని మెత్తబడును. దంతములు లేనివారికి అట్లు నానినవే హాయి.