తెర వెనుక నిలబడే అర్హత

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1985 పదో తరగతి బ్యాచ్. ఇంజనీరుగా పంపులు, వాల్వుల మధ్య ముప్ఫయ్యేళ్లు గడిచిపోయాయి. ఉండేది అమెరికాలో. మన కార్యదర్శి నా క్లాస్‌మేటే. ఫోన్ చేసి, "నీ ఉద్యోగం సంగతి ఎవరికి కావాలిరా, ఆ ఫొటోల గురించి పది నిమిషాలు చెప్పు" అన్నాడు. బ్యాలే ఆడే పిల్లల్ని తెర వెనుక ఫొటోలు తీయడం నాకు పన్నెండేళ్లుగా అలవాటు. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

మనవైపు బ్యాలే అంటే నృత్యరూపకం. నేను చెప్పేది కాలివేళ్ల కొసల మీద నిలబడి ఆడే యూరప్ నాట్యం. మా అమ్మాయి అది నేర్చుకునేది. వాళ్ల డాన్స్ స్కూలు ఏటా డిసెంబరులో 'నట్‌క్రాకర్' ప్రదర్శిస్తుంది. చైకోవ్‌స్కీ సంగీతంతో 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి ఆడిన ఈ బ్యాలేని ఇప్పుడు అమెరికాలో క్రిస్మస్ వస్తే ఊరూరా ఆడతారు. తల్లిదండ్రులు తలా ఒక పని చెయ్యాలి. నాకు కుట్టుపని రాదు, మేకప్ రాదు. కెమెరా ఉంది కదా అని సైడ్ వింగ్‌లో నిలబెట్టారు.

ఇంజనీరు బుద్ధి కదా, ముందు నా కన్ను ఆ బూట్ల మీద పడింది. ముందు భాగంలో చెక్క ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. గుడ్డ, కాగితం పొరలు జిగురుతో అతికి గట్టిపరుస్తారు. అగ్గిపెట్టె అంత కూడా లేని ఆ కొస మీద ఒంటి బరువంతా ఆపాలి. కొత్త జతను పిల్లలు వంచుతారు, నేలకేసి కొడతారు, లేకపోతే స్టేజి మీద టకటక చప్పుడవుతుంది. రిబ్బన్లు ఎవరికి వారే కుట్టుకుంటారు. చాలామంది దారానికి బదులు పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ వాడతారు, అది తెగదు. కాలు జారకుండా రోజిన్ పొడిలో తొక్కి వెళతారు. వయొలిన్ కమానుకు రాసేదీ, మనం సోల్డరింగ్‌కి వాడేదీ అదే రోజిన్. పెద్ద కంపెనీల్లో ముఖ్యపాత్ర చేసేవాళ్లకు ఒక్క ప్రదర్శనతోనే ఒక జత అయిపోవచ్చు.

అక్కడ నల్లబట్టలు వేసుకోవాలి, స్టేజి మేనేజరు చూపించిన చోటు నుంచి కదలకూడదు. ఫ్లాష్ నిషిద్ధం. కెమెరా చప్పుడు చెయ్యకూడదు, దాని వెనక తెర కూడా వెలగకూడదు. ఉన్నదల్లా గుడ్డి నీలం బల్బుల వెలుగు, స్టేజి అంచు నుంచి వచ్చే కాస్త కాంతి. ఫొటోలో గరుకు వస్తుంది, చేతులు అలుక్కుపోతాయి. మొదట్లో బాధపడేవాణ్ణి. తర్వాత అలెక్సీ బ్రొడోవిచ్ 1945లో వేసిన 'బ్యాలే' పుస్తకంలోని ఫొటోలు చూశాను. అన్నీ అలుక్కుపోయినవే, అయినా కదలిక తెలుస్తుంది. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం కాస్త ఎక్కువైంది.

నాలుగో ఏడు. మంచు దృశ్యం అయింది. పైనుంచి కాగితపు మంచు పడుతుంటే గిరగిరా తిరిగిన పిల్లలు, తెర దాటి రెండడుగులు వేయగానే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె పెట్టె మీద కూర్చుని బూటు విప్పింది. వేలికి రక్తం, కళ్లలో నీళ్లు, జుట్టు నిండా కాగితపు ముక్కలు. నేను నొక్కాను. అంతవరకూ నేను తీసిన వాటిలో అదే మంచి ఫొటో. పెద్దది చేయించి, మర్నాటి ఏడు హాలు బయట పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి చాలాసేపు చూసింది. గొంతు పెంచలేదు. "ఆ రోజు నేను చాలా బాగా ఆడాను. మీ ఫొటోలో అది లేదు" అంది.

ఫొటోలకు తల్లిదండ్రులు సంతకం పెట్టిన అనుమతి కాగితం నా దగ్గరుంది. అది నాకు ఎందుకూ పనికి రాలేదు. ఫొటో దించేశాను, కంప్యూటర్లోంచి కూడా తీసేశాను.

తర్వాత డెగా బొమ్మల్ని మళ్లీ చూశాను. పారిస్ ఒపేరాలో బూటు రిబ్బను కట్టుకునేవాళ్లు, అలసి కూలబడ్డవాళ్లు, అన్నీ నాకు తెలిసిన భంగిమలే. కొన్నింటిలో తెర అంచున నల్లకోటు, పొడుగు టోపీ మగవాళ్లు ఉంటారు. సీజన్ టిక్కెట్లు కొన్న ధనవంతులు వాళ్లు, డబ్బుతో తెర వెనక్కి వచ్చినవాళ్లు. నాట్యం చేసేవాళ్లలో చాలామంది పేదపిల్లలు. 1881లో డెగా ప్రదర్శించిన పద్నాలుగేళ్ల నర్తకి శిల్పానికి నమూనాగా నిలబడిన మారీ వాన్ గోథెమ్ తల్లి బట్టలుతికి బతికేది. ఇదివరకు ఆ నల్లకోట్లు నా కంట పడనేలేదు. ఈసారి వాళ్లు నిలబడ్డ చోటు చూస్తే, అది నేను నిలబడే చోటే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. రిహార్సల్‌కి మొదటిరోజు కెమెరా లేకుండా వెళతాను. అరచెయ్యి చూపిస్తే తియ్యను. తీసిన ప్రతి ఫొటో ముందు వాళ్లకే చూపిస్తాను. వద్దంటే ఎందుకని అడగను. మంచి ఫొటోలు తగ్గిపోతాయనుకున్నాను, తగ్గలేదు. మరుసటి ఏడు ఆ అమ్మాయే పిలిచి, రిబ్బను కుట్టుకుంటూ, "ఇది తియ్యండి" అంది.

మిత్రులారా, ఈ మర్యాద నేను అమెరికాలో కొత్తగా నేర్చుకున్నది కాదు. ఎనిమిదో తరగతిలో వార్షికోత్సవానికి నాకు మంత్రి వేషం. స్టేజి ఎక్కి మాట మరిచిపోయి, పారిపోయి వచ్చి, ఇదిగో ఆ పక్క గదిలో బెంచీల వెనక కూర్చుని ఏడ్చాను. కాటుకతో దిద్దిన మీసం చెంపలకు కారింది. తెలుగు మాస్టారు వచ్చి, మంచినీళ్లిచ్చి, కండువాతో మొహం తుడిచి, మీసం మళ్లీ దిద్ది పంపారు. ఈసారి మాట వచ్చింది. నేను ఏడ్చిన సంగతి మాస్టారు ఎవరికీ చెప్పలేదు, మా నాన్నకు కూడా. మాస్టారూ, మీరు ముందు వరుసలోనే ఉన్నారు. మీకు గుర్తుందో లేదో, నలభై ఏళ్ల తర్వాత నేనే చెప్పేస్తున్నాను.

ఆ గదిలోనే పది ఫొటోలు పెట్టాం. ప్రతి ఒక్కటీ అందులోని అమ్మాయి చూసి సరేనన్నదే. భోజనాలయ్యాక చూసి వెళ్లండి.