ఓరుగంటిలో సైకిలు ప్రయాణము



మాది మన్యమునకు వాకిలివంటిదైన నర్సీపట్నము. ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందితిని. వాచకములో రుద్రమదేవి పాఠము వచ్చినపుడెల్ల నల్లబల్లమీద సుద్దతో ఒక సున్న చుట్టి, దానికి నాలుగు వైపుల నాలుగు గీతలు గీసి, “ఇది ఓరుగల్లు కోట, ఇవి రాణిగారి నగరి వాకిండ్లు” అని పిల్లలకు బోధించుచుంటిని. ఓరుగల్లును నేను చూచి యెరుగను. చూడనిదానిని చూచినట్లు చెప్పుట మా వృత్తిలో నున్న పెద్ద సౌకర్యము.

గడచిన మాఘమాసమున ఆ లోపమును తీర్చుకొనదలచి, తునిలో రైలెక్కి బెజవాడ మీదుగా ఓరుగల్లు చేరితిని. నేటి వరంగల్లే అది. కోటలోనే పుట్టి పెరిగిన యొక యువకుడు నాకు దారి చూపుటకు కుదిరెను. డిగ్రీ చదివి సేద్యము చేసికొనుచు, తీరిక దినములలో వచ్చినవారికి కోట చూపుచుండును. రెండు సైకిళ్ళు తెచ్చి నా యెదుట నిలిపెను. నా తల నెరసియుండుట చూచి, “ఆటో మాట్లాడాల్నా సారూ?” అని యడిగెను. “నాయనా, ముప్పదియేండ్లు సైకిలుమీదనే బడికి పోయినవాడను. ముందు నీవు నడువుము” అంటిని.

కోట చూచుటకు సైకిలే తగినదని కొంతసేపటికే నాకు తెలిసినది. కారులో పోయినచో గోడ కనబడునుగాని దాని చుట్టుకొలత తెలియదు. నడచి పోయినచో ఒక దినము చాలదు. సైకిలు త్రొక్కువానికి వంపు చేతులకు తెలియును, మిట్ట మోకాళ్ళకు తెలియును.

నేను బల్లమీద గీసిన సున్న యొక్కటియే. ఓరుగంటికి ఒకదానిలో నొకటిగా మూడు ప్రాకారములున్నవి. వెలుపలిది మట్టికట్ట, దాని అడ్డుకొలత సుమారు 12.5 కిలోమీటర్లు. నేడది చాలచోట్ల పొలముల నడుమ దిబ్బవలె కనబడును. లోపలిది మరియొక మట్టికోట. అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. దానిలోపల 1.2 కిలోమీటర్ల అడ్డుకొలతతో రాతికోట. నల్లరాతి దిమ్మలను సున్నము లేకుండ ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన గోడ యిది. దానికి 45 బురుజులు, చుట్టును అగడ్త. అగడ్తలో కొన్నిచోట్ల నేటికిని నీరున్నది. గోడకు లోపలివైపున మట్టికట్టపై బారులుగా రాతిమెట్లున్నవి. ఆపద వచ్చినపుడు సైనికులు ఎక్కడినుండియైనను పైకి పరుగెత్తుటకు వీలుగా వాటిని అమర్చిరి.

కోటవాకిలి దగ్గర మరియొక పాఠము నేర్చితిని. మన యిండ్లకువలె అది తిన్నగా లోనికి పోదు. ఒక గుమ్మము దాటగానే గోడ అడ్డము వచ్చును. ప్రక్కకు తిరిగి మరియొక గుమ్మము దాటవలెను. నేను రెండుమార్లు సైకిలు ఆపి త్రిప్పవలసివచ్చినది. నా సైకిలుకే వేగము తగ్గినపుడు, పగవాని యేనుగునకు తగ్గదా? అంత పెద్ద జంతువును ఆ మలుపులో నిలబెట్టినచో పైనున్నవారికి గురి తప్పదు.

లోపల శిథిలములు మాత్రమే యుండునని తలచితిని. కాని ఊరున్నది. ఇండ్లు, పశువులశాలలు, వరిమళ్ళు, బడికి పోవు పిల్లలు, అన్నియు నున్నవి. ఆ నడుమ కోటకెల్ల నడిబొడ్డున, నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు నిలిచియున్నవి. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు రాజముద్రయందు చేర్చినది ఈ తోరణమునే. నేను పులకించి, “ఇవియే గదా నాయనా, రాణిగారి నగరి వాకిండ్లు!” అంటిని.

అతడు నవ్వలేదు, తల గోకికొనెను. “గవి రాజుగారి వాకిండ్లు గావు సారూ. నడిమిట్ల శంభులింగని గుడి ఉండె. దానికి నాలుగు దిక్కుల తోరణాలు. గుడి పోయింది, వాకిండ్లు మిగిలినయి” అనెను.

చూడగా నిజమే. తోరణముల నడుమ విరిగిన స్తంభములు, చెక్కడపు రాళ్ళు, నందులు పడియున్నవి. స్వయంభూదేవుని ఆలయమది. కొంత దూరమున నున్న ఖుష్‌మహలనెడి సభాభవనము కాకతీయులది కాదు. వారి పతనము తరువాత సుల్తానుల యేలుబడిలో కట్టినది. నా శిష్యులలో నెవరైనను ఈ ప్రసంగము వినుచున్నచో, పంతులు చెప్పిన తప్పును దిద్దుకొందురుగాక.

తోరణపు నీడలో కూర్చుండి మంచినీరు త్రాగుచు, నేను వ్రేళ్ళమీద లెక్క మొదలిడితిని. మన పెద్దలు మానవునకు సప్తసంతానములు చెప్పిరి: పుత్రుడు, తటాకము, దేవాలయము, అగ్రహారము, వనము, నిధి, కృతి. మనిషి పోయిన తరువాత పేరు నిలుపునవి ఈ యేడు. మరి యింత గొప్ప నగరమునేలిన రాజులకు వీటిలో నేమి మిగిలినది?

పుత్రసంతానము చూతము. 1199 మొదలు 1262 వరకు ఏలిన గణపతిదేవునికి కొడుకులు లేరు. కుమార్తె రుద్రమదేవిని సింహాసన మెక్కించెను. ఆమెను పెండ్లాడినవాడు మన గోదావరి సీమలోని నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు. ఆమెకును కుమార్తెలే. పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకగు ప్రతాపరుద్రుడు 1289లో రాజయ్యెను. కొడుకు లేడని కుములు తండ్రులకు ఈ కోటయే సమాధానము; రెండు తరములు ఆడుబిడ్డలవలననే వంశము నిలిచినది. కాని 1323లో ఢిల్లీ సైన్యము కోటను పట్టుకొనెను. బందీయై పోవుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. వంశపురాజ్యము అంతటితో ముగిసెను.

నిధి సంగతి చెప్పనక్కరలేదు. 1310లోనే మాలిక్ కాఫూరు ముట్టడించి ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను కప్పముగా గొనిపోయెను. దేవాలయము నా కన్నులయెదుట రాళ్ళకుప్పయై యున్నది. అగ్రహారముల దానశాసనములు నిలిచినవిగాని భూములు చేతులు మారినవి. వనములకు జాడ లేదు. కృతి నిలిచినది; విద్యానాథుని ప్రతాపరుద్రీయమును అలంకారశాస్త్రము చదువువారు నేటికిని చదువుచున్నారు. కాని వారెందరు? నావంటివారు కొందరు.

“ఆరు లెక్కకు వచ్చినవి. ఏడవది తటాకము. అది యేది నాయనా?” అంటిని. “పదండి సారూ” అని అతడు సైకిలెక్కెను.

కోట వెడలి హనుమకొండ దారి పట్టితిమి. ఓరుగల్లునకు ముందు కాకతీయుల రాజధాని హనుమకొండయే. 1163లో రుద్రదేవుడు శివునికి, విష్ణువునకు, సూర్యునికి మూడు గర్భగృహములతో కట్టించిన వేయిస్తంభముల గుడి అచ్చటనే యున్నది. రెండు నగరముల నడుమ భద్రకాళి చెరువు. ఎండ తీవ్రముగా నుండెను. కట్టమీదికి రాగానే చల్లగాలి ముఖమునకు తగిలినది. సైకిలు దిగి ఊరక నిలుచుంటిని.

మరునాడు బస్సులో పాకాల పోయితిమి. కొండల నడుమ కట్ట వేసి సముద్రమువలె నీరు నిలిపిరి. గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి యను అధికారి ఆ చెరువును కట్టించెనని శాసనము. 1213 నాటి రామప్పగుడిని కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడు గుడితోపాటు చెరువును కట్టించెను. ఆ గుడిని 2021లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. చెరువు దిగువ రైతులకు ఆ గుర్తింపుతో పనిలేదు, వారికి నీరే సాక్ష్యము. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారమున చెరువు కట్టించెను. కాకతీయుల వంశక్రమమును చరిత్రకారులకు తెలిపిన శాసనములలో ఆ చెరువు శాసనము ముఖ్యమైనది. చూచితిరా! ఆ వంశమువారి పేర్లను భద్రముగా దాచి యిచ్చినది చెరువు.

రాజు చెప్పగానే చెరువు నిలిచిపోవునా? చెరువు కట్టినవారికి, దానిని బాగుచేయువారికి దాని క్రింది భూమిలో కొంత మాన్యముగా నిచ్చుచుండిరి. దానిని దశబంధమనిరి. నీరు వంతులవారీగా విడుచు మనిషికిని జీవనము ఏర్పరచిరి. గ్రామమున కొకడు కాపలా యున్నందుననే రాజు పోయినను చెరువు పోలేదు.

పాకాల కట్టమీద ఆ యువకుడు తన యూరి సంగతి చెప్పెను. 2015లో వారి ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేరుతో పాతచెరువుల పూడిక తీయించినది. “పూడికమట్టి మా చేన్లకే తోలుకున్నం సారూ. ఆ ఏడు ఎరువు తక్కువే పట్టింది. రాజు పోయిండు, చెరువు పోలే” అనెను. మేము మదుమని పిలుచుదానిని వారు తూమందురు. అలుగును మత్తడి యందురు. పేర్లు వేరుగాని నీటిలెక్క యొక్కటే.

శ్రోతలారా, ఆ మాట వినినది మొదలు నాకు మనసు కుదురుగా లేదు. దానికి కారణము చెప్పుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

నర్సీపట్నమునకు కొలదిదూరమున నున్న మా స్వగ్రామములో ఒక చెరువున్నది. నా చిన్నతనమున ఒక యేడు వానలు లేక అది యెండిపోయెను. మా తండ్రిగారు మా పొలమునానుకొనియున్న చెరువుగర్భములో నువ్వులు చల్లిరి. పంట పండెను. మరుసటి యేడు మా గట్టు ఆ మేరకు లోనికి జరిగినది. ఇతరుల గట్లును జరిగినవి. క్రొత్త గట్టు వేయుటకు తాడు పట్టిననాడు రెండవ కొన పట్టుకొన్నవాడను నేనే. అప్పటికి నాకు పదియేండ్లు. పిమ్మట ముప్పదినాలుగేండ్లు సప్తసంతానముల పద్యములకు అర్థము చెప్పితిని. తటాకమను మాటకు ప్రతిపదార్థము వ్రాయించితిని. మా గట్టు సంగతి ఒక్కనాడును తలపునకు రాలేదు.

ఇంటికి వచ్చి నా తమ్మునితో చెప్పితిని. సేద్యము చేయువాడు వాడే. “అన్నయ్యా, ఊరివారందరును తీసిననాడు మనమును తీయుదము. మన మొక్కరము తీసినంతమాత్రమున చెరువు నిండునా?” అనెను. వాని మాటలో తప్పులేదు; పదునేడు సెంట్ల నేల పోవునది వానికి, పేరు వచ్చునది నాకు. నా భాగములోని మెట్టలో అంత నేలను వానికి వ్రాసియిచ్చుటకు ఒప్పుకొంటిని. మూడు దినములు మాటలాడలేదు. నాలుగవనాడు వాడే తాడు తెచ్చెను. పాత గ్రామపటము చూచి కొలిచి గట్టు వెనుకకు జరిపితిమి. ఈసారి రెండవ కొన పట్టుకొన్నది వాని మనుమడు.

మా తరువాత ఇద్దరు రైతులు తమ గట్లు తీసిరి. మిగిలినవారు తీయలేదు. తీయుదురని నేను ప్రమాణము చేయజాలను. మా చెరువు ఈ యేడు నిండునో నిండదో వానదేవుడెరుగును. కాని నిండినచో నీరు ఎంతవరకు రావలెనో అంతవరకు మా పొలము వైపున దారి యున్నది.

పెద్దలారా! మీలో సైకిలు త్రొక్కగలవారున్నచో ఓరుగల్లు పోయి చూడుడు. పోలేనివారు వేసవిలో, చెరువు అడుగు కనబడునపుడు, గ్రామపటము చేతబట్టుకొని మీ యూరి చెరువుచుట్టు ఒకసారి తిరుగుడు. మదుము మూసికొనిపోయినదా, కట్టమీద తుమ్మలు మొలచినవా, ఎవరి గట్టు ఎంత జరిగినదో చూడుడు. మొదట మీ గట్టు చూచుకొనుడు. మనవలను వెంటబెట్టుకొని పొండు. వారికి కోటలు కట్టు పని లేకపోయినను, తాడు పట్టు పని తప్పక వచ్చును.