‘ఇది’ అంటే ఏది సార్?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఒక ఏడాది నా క్లాసులో చూపు లేని అమ్మాయి చేరింది. కొండ మీది గూడెం పిల్ల. చెల్లెలి భుజం పట్టుకుని రోడ్డు దాకా దిగి, ఆటో ఎక్కి వచ్చేది. నేను బోర్డు మీద డిమాండ్ రేఖ గీసి, “ఇది ఇక్కడ పెరిగితే అది అక్కడ తగ్గుతుంది” అన్నాను. వెనక నుంచి అడిగింది: “ఇది అంటే ఏది సార్?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల రాలేదు. చదువు మానేద్దామనుకుందట.

తిరిగి వచ్చాక అట్టముక్క మీద గోనె దారం అంటించి చేతికిచ్చాను. “నిలువు గీత ధర, అడ్డగీత కొనే సరుకు. ధర దిగుతుంటే రేఖ అనంతగిరి ఘాట్ దిగినట్టు కుడివైపుకి దిగుతుంది” అన్నాను. వేలితో తడిమి, “సంతలో మిరియాల ధర తగ్గితే ఎక్కువ కొంటారు, అంతే కదా సార్” అంది. ఆ రోజు మిగతా పిల్లలకీ పాఠం బాగా అర్థమైంది.

ర్యాంపు కావాలి, కాదనను. కొండ వాలు మీది కాలేజీకి మరీ కావాలి. కానీ గదిలోకి వచ్చాక పాఠం అందాలిగా! నేను చేతిరాత నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాణ్ణి. ఆమె ఫోను వాటిని చదవలేదు. టైపు చేయిస్తే అప్పుడూ గజిబిజే! డీటీపీ వాళ్ల పాత ఫాంట్లు మరి. యూనికోడ్‌లో కొట్టించాక ఫోను తెలుగులో గడగడా చదివింది.

పరీక్షలప్పుడు నా అజ్ఞానం ఇంకా బయటపడింది. సహాయకుడితో రాయించేవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఉండాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు గంటల పరీక్షకు గంట! 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లూ ఇచ్చింది. ఇవి నాకు చెప్పింది ఆ అమ్మాయే.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి మీకు తెలుసు. చూపు లేదని ఇంటర్‌లో సైన్సు ఇవ్వకపోతే కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. పుస్తకాలు ఆడియోగా విని 98 శాతం తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లాడు. సినిమా కూడా వచ్చింది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ ఆడియో. ఎవరో కూర్చుని పేజీ పేజీ చదివి ఉంటారు కదా!

మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. ఈ ఏడాది మరో ఇద్దరు చేరారు. నా నోట్సులో ఇంకా మూడు యూనిట్లు టైపు కావాలి. తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు భోజనాల దగ్గర నన్ను ఒకసారి కలవండి. కాగితాలు సంచిలోనే ఉన్నాయి.