మరైగూడ క్యాంపులో చూసిన చందమామ
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కేంద్ర రిజర్వు పోలీసు దళం వాణ్ణి. మమ్మల్ని కూడా మీ పంక్తిలో కూర్చోబెట్టుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. సిగ్నల్స్‌లో వైర్‌లెస్ సెట్లు, బ్యాటరీలు మోసి రిటైరయిన మనిషిని. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "గ్రహాల మీద పనిచేసే మన తెలుగు మహిళా శాస్త్రవేత్త గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను గాని, ఒక చిన్న సవరణ. నేను చెప్పబోయే కాళహస్తి కల్పనగారు ఇంజనీరు. చంద్రుడి మట్టిని పరీక్షించి దాని పుట్టుక చెప్పేవాళ్ళు వేరు. ఆ పరికరాలను అక్కడ పగలకుండా దింపేవాళ్ళు వేరు. ఈమె రెండో కోవకు చెందినవారు. మన సైన్యం భాషలో చెప్పాలంటే, దారి వేసేవాళ్ళు లేకపోతే దండు కదలదు కదా!

ఆమెది చిత్తూరు జిల్లా. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి ఇస్రోలో చేరారు, తర్వాత బెంగుళూరు ఉపగ్రహ కేంద్రానికి వెళ్ళారు. చంద్రయాన్-3కి వీరముత్తువేల్‌గారు ప్రాజెక్టు డైరెక్టరు, ఈమె అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరు. ఆవిడ సొంత జీవితం గురించి పత్రికల్లో వచ్చింది తక్కువే. ఆవిడ కూడా చెప్పుకోరనుకుంటాను. అందుకే నేను పని గురించే మాట్లాడతాను.

2023 ఆగస్టు 23. అప్పుడు నేను బస్తర్‌లో, సుక్మా జిల్లా మరైగూడలో ఉన్నాను. అటు అడవి, ఇటు తెలంగాణ సరిహద్దు. ఊళ్ళో కోయ మాట, తెలుగు కలిసి వినబడతాయి. సాయంత్రం డ్యూటీ లేనివాళ్ళమంతా టీవీ ముందు చేరాం. మా వంట కుర్రాడు చేతికి పిండితోనే వచ్చి నిలబడ్డాడు. 5 గంటల 45 నిమిషాల ప్రాంతంలో ల్యాండరు దిగడం మొదలైంది. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలకు సుమారు 19 నిమిషాలు. పెట్రోలింగ్ పార్టీ సెట్లో పలకనప్పుడు కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి ఆ 19 నిమిషాలు ఎట్లా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. 6 గంటల 4 నిమిషాలకు దిగింది. మావాళ్ళ కేకలకు బయట సెంట్రీ ఉలిక్కిపడ్డాడు.

తర్వాత ఛైర్మన్ సోమనాథ్‌గారు వీరముత్తువేల్‌గారి చేత, కల్పనగారి చేత మాట్లాడించారు. ఆమె మాట్లాడింది నిమిషం కూడా ఉండదేమో. చంద్రయాన్-2 అనుభవం తర్వాత నౌకను తిరిగి కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచీ చంద్రయాన్-3యే తమవాళ్ళ ఉచ్ఛ్వాస నిశ్వాసలన్నారు. గెలిచిన నిమిషంలో ఓడిన రోజును తలుచుకున్న మనిషి! నాకు అదే పట్టుకుంది.

ఆ ఓటమి 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున. విక్రమ్ నేలకు కొద్ది దూరంలో ఉండగా సంకేతం ఆగిపోయింది. ఎందుకు? ఇస్రోవాళ్ళు దాచలేదు, తర్వాత విడమరిచి చెప్పారు. ఇంజన్ల తోపుడు అనుకున్నదానికన్నా ఎక్కువైంది. ఆ తేడా పేరుకుంటూ వచ్చింది. ఫొటోలు తీయడానికి నౌక కదలకుండా నిలబడాల్సిన దశ ఒకటుంది, దాంతో వెంటనే సర్దుకోలేకపోయింది. తిరగాల్సి వచ్చినప్పుడు తిరిగే వేగానికి పరిమితి అడ్డం వచ్చింది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్లు పొడవు, 500 మీటర్లు వెడల్పు మాత్రమే.

రెండోసారి ఏం చేశారంటే, "ఏమేం చెడిపోవచ్చు?" అన్న ప్రశ్నతోనే డిజైను మొదలుపెట్టారు. దిగే చోటును 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లకు పెంచారు. కాళ్ళు గట్టి చేశారు, సెకనుకు 3 మీటర్ల వేగంతో తగిలినా ఓర్చుకునేట్టు. ఐదు ఇంజన్లలో నడిమిది తీసేశారు. ఇంధనం పెంచారు. వేగం కొలవడానికి లేజరు పరికరం కొత్తగా పెట్టారు. పాత ఆర్బిటరు బతికే ఉంది గదా, దిగే చోటు వెతకడానికి దాని ఫొటోలే వాడుకున్నారు. పోయిందనుకున్న యాత్రలో సగం పైగా పోనేలేదన్నమాట.

మర్నాడు క్యాంపు ఆసుపత్రికి జ్వరం మాత్రల కోసం ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆ పిల్లకు పన్నెండేళ్ళుంటాయి. టీవీలో మాట్లాడినామె తెలుగావిడేనని నేను చెబితే, "మరి ఇంగిలీసులో ఎందుకు మాట్లాడింది సారూ?" అంది. నాకు జవాబు తోచలేదు. "దేశమంతా వింటోంది కదమ్మా" అన్నాను. ఆ పిల్ల ఒప్పుకున్నట్టు లేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి. దానికి రెండేళ్ళ ముందు, వేరే క్యాంపులో, ఒక రాత్రి మా పార్టీతో నాలుగు గంటలు సంబంధం తెగింది. అదృష్టం, అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. విచారణలో వాళ్ళు తీసుకెళ్ళిన స్పేర్ బ్యాటరీ చార్జి కాలేదని తేలింది. ఆపరేటరు శ్రీకాకుళం కుర్రాడు. వాడికి రిమార్కు పడింది. చార్జింగ్ రిజిస్టరులో వోల్టేజి చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టింది మాత్రం నేను. ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆగస్టు 23 రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేశం మొత్తం చూస్తుండగా పడిపోయిన నౌక గురించి వాళ్ళు కారణాలు ఒక్కొక్కటిగా చెప్పుకున్నారు. నేను ఒక్క బ్యాటరీ గురించి నోరు విప్పలేకపోయాను! రెండ్రోజులాగి వాడికి ఫోన్ చేశాను. "తప్పు నాది తమ్ముడూ" అన్నాను. "అదెప్పుడో మర్చిపోయాను సార్" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రాసిస్తారా సార్? ప్రమోషన్ బోర్డు ఉంది" అన్నాడు. మర్చిపోలేదన్నమాట.

రాసిచ్చాను. నా చార్జిలో ఉన్నన్నాళ్ళూ వోల్టేజి ఒకరు చూసి, ఇంకొకరు రాసే పద్ధతి పెట్టాను. నాకు పడాల్సిన మెమో నాకు పడింది, అది న్యాయమే.

చంద్రుడి మీద విక్రమ్, 26 కిలోల ప్రజ్ఞాన్ ఒక్క చంద్ర పగలు, అంటే మన 14 రోజుల లెక్కకే తయారైనవి. ఆ కొద్ది రోజుల్లోనే రోవరు వంద మీటర్లు దాటి నడిచింది, గంధకం ఉందని చెప్పింది. నేలలోకి దించిన ఉష్ణమాపకం 8 సెంటీమీటర్ల లోతుకే సున్నాకు పది డిగ్రీలు దిగువ చూపించింది. రోవరు 23 చోట్ల తీసిన కొలతలను అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీవారు లెక్కగట్టి 2024 ఆగస్టులో ప్రకటించారు. ఒకప్పుడు చంద్రుడి పైభాగం కరిగిన శిలాసముద్రమన్న సిద్ధాంతానికి అవి బలమిచ్చాయి. అదే ఏడాది చంద్రయాన్-3 బృందానికి రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారం వచ్చింది.

రిటైరయ్యే ముందు ఆ కుర్రాడి ఫైలు గురించి ఆఫీసులో అడిగాను. కాగితం పైకి పోయిందన్నారు. పోయిన నెల వాడే ఫోన్ చేశాడు. రిమార్కు కొట్టేశారట. ఈ సభకు రమ్మన్నాను, సెలవు దొరకలేదు.