మోకాలి గుజ్జు - ప్రయోగశాల



కోసాడ్ సూరత్ నగరమునకు ఉత్తరపు దిక్కున నున్నది. ఈ నగరమున తెలంగాణమునుండి వచ్చిన నేతపనివారు పెక్కుమంది స్థిరపడియున్నారు. మగ్గముకడ దినమంతయు నిలుచు వారికిని, మెట్లెక్కి దిగు గృహిణులకును, ఫైళ్లముందు కూర్చుండి లేవలేని మాబోటి వారికిని సామాన్యమైన బాధ మోకాలినొప్పి. "గుజ్జు అరిగినది" అని చెప్పుకొనుచుందుము. ఆ గుజ్జునే వైద్యులు మృదులాస్థి యందురు. దానిని ప్రయోగశాలలో పెంచి మరల అమర్తురను వార్త విన్నపుడు ఆశ కలుగుట సహజము. ఆ ఆశకు ఆధారమెంతయో విచారింతము.

మృదులాస్థిలో రక్తనాళములు లేవు. కావున అది చెడినచో తనంతట బాగుపడుట అరుదు. 1743లోనే విలియం హంటర్ అను వైద్యుడు ఈ సంగతి వ్రాసెను. 1987లో స్వీడను దేశపు గోథెన్‌బర్గ్ వైద్యులు రోగి మోకాలినుండియే కొన్ని కణములు గ్రహించి, ప్రయోగశాలలో వృద్ధిచేసి, చెడినచోట నుంచిరి. 1994లో 23 మంది ఫలితములను ప్రకటించిరి. తొడయెముక చివర చికిత్స పొందిన 16 మందిలో 14 మందికి మేలు కలిగెను. మోకాలిచిప్పకు చికిత్స పొందిన 7గురిలో ఇద్దరికి మాత్రమే కలిగెను. మన దేశమున ఇట్టి చికిత్సకు 2017లో అనుమతి లభించినది.

కాని ఆ రోగులు 14 మొదలు 48 ఏండ్ల లోపువారు. వారి మోకాలిలో ఒకచోట మాత్రమే గుంత పడినది. వయస్సు మీరి కీలంతయు అరుగుట వేరు. బాటలో గుంత పూడ్చుట యొకటి, బాటనంతయు క్రొత్తగా వేయుట మరియొకటి. స్విట్జర్లాండులోని బాసెల్ వైద్యులు ముక్కునుండి తీసిన కణములతో పెంచిన మృదులాస్థిని అరిగిన మోకాళ్లలో నమర్చి, 2021లో ఫలితము ప్రకటించిరి. రోగులు ఇద్దరే. అది తొలి అడుగు.

నొప్పి తగ్గెనన్న మాటయు చాలదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో మోకాలిని లోపల కడిగి శుభ్రపరచు శస్త్రచికిత్సను 180 మందిపై పరీక్షించిరి. కొందరికి పైచర్మము మాత్రమే కోసి కుట్టిరి. వారికిని తక్కినవారితో సమానముగా ఉపశమనము కలిగినట్లు 2002లో తేలెను! పోల్చిచూడని చికిత్సను నమ్మరాదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలయును?

కావున ఎవరైన ఇట్టి చికిత్స చెప్పినచో అడుగుడు: ఇది నావంటి మోకాలికేనా? దేనితో పోల్చిరి? ఎన్ని యేండ్లు గమనించిరి? అనుమతి పొందిన చికిత్సయా, పరీక్షయా? పరీక్షయైనచో రోగికి అర్థమగు భాషలో వివరించి సమ్మతి పొందవలయునని 2019 నాటి నియమములు చెప్పుచున్నవి. తెలుగుతప్ప వేరు చదువనేరని నేతగానిచే ఇంగ్లీషు కాగితముపై వ్రేలిముద్ర వేయించుట సమ్మతి కానేరదు. కాగితములు చదువుట మన వృత్తి. సంతకమునకు ముందు అట్టివానికి ఆ కాగితమును తెలుగున చదివి చెప్పుట మన సంఘము చేయదగిన సేవ.